జీర్ణాశయం లేని చేపకు ఏం పెడుతున్నాం?

చేపల మేత సంచి మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె ఒకటే: ముడి ప్రొటీన్ 28 శాతం. రైతు ఆ అంకె చూసి బేరమాడతాడు. డీలరు ఆ అంకె చూపించి అమ్ముతాడు. 24 శాతం మేత చవక, 32 శాతం మేత ఖరీదు. ధరల పట్టిక మొత్తం ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది. నేను బెంగళూరులో, పీణ్య వైపు ఒక ప్రయోగశాలలో పని చేస్తాను. పశువుల దాణా, గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క, తవుడు, సోయా పిండి, చేపల మేత నా బల్ల మీదికి నమూనాలుగా వస్తాయి. ఆ 28ని లెక్క కట్టి, సంతకం పెట్టి ఇచ్చేవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ మాట గట్టిగా చెప్పే బాధ్యత నాకుంది: మంచినీటి చేపల సాగులో మేత విలువను ముడి ప్రొటీన్‌తో కొలవడం మానాలి. చేప ఒంటికి పట్టినదానికే రైతు డబ్బు కట్టాలి. సంచిలో నింపినదానికి కాదు.

ఆ అంకె ఎలా పుడుతుందో చూస్తే నా వాదన సగం అర్థమైపోతుంది. గ్రాము నమూనాను పొడవాటి గాజు గొట్టంలో వేసి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, ఉత్ప్రేరకం బిళ్లలు వేసి, 400 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా మరిగిస్తాం. మొదట నల్లగా నురగ కడుతుంది. క్రమంగా నలుపు విరిగి గోధుమ రంగుకు తిరిగి, చివరికి నీలం, ఆకుపచ్చ కలిసిన తేట ద్రవం మిగులుతుంది. చల్లారాక క్షారం పోసి ఆవిరి పట్టిస్తే అమ్మోనియా బయటికొస్తుంది. దాన్ని బోరిక్ ఆమ్లంలోకి పట్టి, బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా ఆమ్లం వదులుతాం. ఆకుపచ్చగా ఉన్న ద్రవం ఒకే ఒక్క చుక్కకు గులాబీ రంగుకు మారుతుంది. అక్కడ ఆపి, వచ్చిన నత్రజనిని 6.25తో హెచ్చిస్తే ముడి ప్రొటీన్. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ బీరుకు వాడే ధాన్యాన్ని పరీక్షించడానికి కనిపెట్టిన పద్ధతి ఇది. ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతోంది. మంచి పద్ధతే. కాకపోతే దానికి నత్రజని తప్ప మరేదీ కనపడదు.

నూరు కిలోల మేతలో ఒక్క కిలో యూరియా కలిపితే ఈ పరీక్షలో ప్రొటీన్ దాదాపు మూడు శాతం పెరిగినట్టు వస్తుంది. యూరియాలో నత్రజని 46 శాతం, దాన్ని 6.25తో హెచ్చించి చూడండి. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు యూరియాను ప్రొటీన్‌గా మార్చుకోగలవు. చేప వల్ల అది కాదు. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ కలిపినవాళ్లు ఆడుకున్నదీ ఈ గుడ్డితనంతోనే. అంతకుముందు ఏడాది అమెరికాలో కుక్కల, పిల్లుల తిండిలోనూ అదే జరిగింది.

మోసం సంగతి పక్కన పెడదాం. నాకు అంతకన్నా బాధ కలిగించేది నిజాయితీగా తయారైన మేత కూడా రైతును నష్టపెట్టడం. మా తమ్ముడు కైకలూరు దగ్గర చెరువు కౌలుకు తీసుకుని శీలావతి, బొచ్చె పెంచుతున్నాడు. "అక్కా, రెండు మేతలూ 28 శాతమే. ఒకటి సంచికి బాగా తక్కువలో వస్తోంది. అదే వేసేస్తాను, నువ్వేమంటావు?" అని ఫోను చేశాడు. రెండింటి నమూనాలూ తెప్పించాను. కెల్డాల్ పరీక్షలో రెండూ నిజంగానే 28. తక్కువ ధర మేతను నూరి, జల్లించి, సూక్ష్మదర్శిని కింద పరిస్తే అసలు సంగతి కనపడింది. ఒక పక్క వరి ఊక ముక్కలు, గళ్లు గళ్లుగా గీతలు పడి మెరుస్తూ. ఇంకో పక్క పత్తి గింజల పొట్టు, అంచులకు దూది పోగులు అంటుకుని. మధ్యలో వేరుశనగ చెక్క ఎర్రటి పొరలు. ప్రొటీన్ అంతా పత్తి గింజల చెక్క, వేరుశనగ చెక్కల నుంచి వచ్చిందే. రెండో మేతలో సోయా పిండి ఉంది, కాస్త చేపల పొడి ఉంది. అంకె ఒకటే అయినా, తిండి ఒకటి కాదు.

తేడా ఎక్కడుందంటే, చేపకు ప్రొటీన్ అనే పదార్థం అక్కర్లేదు. ప్రొటీన్ విరిగితే వచ్చే అమైనో ఆమ్లాల్లో పది రకాలు దానికి తిండి ద్వారా అందాలి, అవీ ఒక పాళంలో అందాలి. రెండు మల్లెలకు ఒక కనకాంబరం చొప్పున దండ కడుతున్నప్పుడు కనకాంబరాలు అయిపోతే, బుట్టలో ఎన్ని మల్లెలున్నా దండ అక్కడితో ఆగిపోతుంది. శీలావతి, బొచ్చె లాంటి కార్పు జాతి చేపలకు ఆ కనకాంబరం లైసిన్. వాటి మేతలోని ప్రొటీన్‌లో దాదాపు 5.7 శాతం లైసిన్ ఉండాలని పోషణ శాస్త్రం చెబుతుంది. వేరుశనగ ప్రొటీన్‌లో ఉండేది మూడున్నర శాతం. పత్తి గింజల చెక్కలో నాలుగు చిల్లర ఉన్నట్టు కనపడినా, అందులోని గాసిపాల్ అనే పదార్థం నూనె తీసేటప్పటి వేడికి లైసిన్‌ను పట్టేసుకుంటుంది. సోయాలో ఆరు శాతం పైన ఉంది, అయితే సోయాకు మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం లోటు.

ఒంటికి చేరని మిగతా అమైనో ఆమ్లాలు ఏమవుతాయి? చేప వాటిని దాచుకోలేదు. విరగ్గొట్టి శక్తిగా వాడుకుని, నత్రజనిని మొప్పల నుంచి అమ్మోనియాగా నీళ్లలోకి వదిలేస్తుంది. అంటే రైతు వేలు పోసి కొన్న ప్రొటీన్‌లో పెద్ద భాగం అతని చెరువులోనే విషంగా తేలుతోంది. మధ్యాహ్నం ఎండకు పాచి విజృంభించి నీటి ఉదజని సూచిక (pH) పెరిగితే ఆ అమ్మోనియా మరింత ప్రమాదకరమైన రూపంలోకి మారుతుంది. తర్వాత రైతు అమ్మోనియా తగ్గించే మందు కొంటాడు. మంచి మేతతో తప్పించుకోగలిగిన ఖర్చుకు ఇంకో ఖర్చు తోడవుతుంది. దీన్ని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకావడం లేదు.

మా తమ్ముడికి ఇంటిలెక్కే చెప్పాను. వేరుశనగ చెక్కలో 42 శాతం ప్రొటీన్, అందులో మూడున్నర శాతం లైసిన్ అనుకుంటే, కిలో చెక్కలో సుమారు 15 గ్రాముల లైసిన్. సోయా పిండిలో 46 శాతం ప్రొటీన్, అందులో 6.2 శాతం, అంటే కిలోకు 28 గ్రాముల పైన. సోయా ధర చెక్క ధరకు ఒకటిన్నర రెట్లున్నా, లైసిన్ గ్రాము ధరలో సోయానే చవక. ఈ భాగాహారం ఏ రైతైనా సిగరెట్టు పెట్టె వెనక చేసుకోగలడు. లైసిన్ అంకె సంచి మీద లేకపోవడం వల్లే చేయలేకపోతున్నాడు.

సోయా అయినా నమ్మి కళ్లు మూసుకోవడానికి లేదు. సరిగా వేయించని సోయాలో, ప్రొటీన్‌ను జీర్ణం చేసే ట్రిప్సిన్ అనే ఎంజైమును అడ్డుకునే పదార్థాలు మిగిలిపోయి చేప జీర్ణశక్తిని దెబ్బతీస్తాయి. మరీ ఎక్కువ వేయిస్తే లైసిన్ మాడిపోతుంది. పచ్చిగా ఉందో లేదో యూరియేజ్ పరీక్షలో రంగు మారడాన్ని బట్టి నిమిషాల్లో తెలుస్తుంది. మాడిందో లేదో క్షార ద్రావణంలో ప్రొటీన్ ఎంత కరుగుతుందో చూస్తే తెలుస్తుంది. కరిగేది 70 శాతానికి దిగితే మాడినట్టే లెక్క. రెండూ చవకైన పరీక్షలే. మా దగ్గరికి కోళ్ల మేత వాళ్లు క్రమం తప్పకుండా ఈ పరీక్షల కోసం వస్తారు. చేపల మేత వాళ్లు కెల్డాల్ ఒక్కటి చేయించుకుని వెళ్లిపోతారు. కోడికి ఇచ్చిన గౌరవం చేపకు ఎందుకు ఇవ్వమో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. శీలావతికి, బొచ్చెకు, ఎర్రమోసుకు, గడ్డి చేపకు జీర్ణాశయం లేదు. కార్పు కుటుంబమంతా అంతే. నోట్లోంచి వెళ్లిన తిండి నేరుగా పేగులోకి వెళుతుంది. మనిషికో కోడికో పందికో ఉన్నట్టు ఆమ్లంతో తిండిని కరిగించే సంచి వాటికి లేనే లేదు. ఈ ఒక్క సంగతిని పట్టించుకోకుండా మనం కోళ్ల మేత సూత్రాలను, పశువుల మినరల్ మిక్స్‌చర్లను తెచ్చి చెరువులో పోస్తున్నాం.

భాస్వరాన్నే తీసుకోండి. ఎముకకు, పెరుగుదలకు భాస్వరం కావాలి. చేపలు కాల్షియంను నీటి నుంచి మొప్పలతో తీసుకోగలవు కానీ, భాస్వరం చాలావరకు తిండి నుంచే రావాలి. తవుడులో భాస్వరం దండిగా ఉంది. పరీక్ష చేస్తే అంకె చూసి సంతోషం కలుగుతుంది. కానీ గింజల్లోని భాస్వరంలో మూడింట రెండు వంతులు, తవుడులో ఇంకా ఎక్కువ, ఫైటిక్ ఆమ్లం పట్టులో ఉంటుంది. దాన్ని విడిపించే ఎంజైము చేప పేగులో లేదు. సరే, బయటి నుంచి ఖనిజ రూపంలో ఇద్దామంటే అక్కడా ఇదే చిక్కు. మామూలు కార్పు మీద చేసిన పరిశోధనల్లో మోనోకాల్షియం ఫాస్ఫేట్‌లోని భాస్వరం 90 శాతానికి పైగా ఒంటికి పట్టింది. డైకాల్షియం ఫాస్ఫేట్‌లోది సగం కూడా పట్టలేదు. ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లోది పదో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. కరిగించే ఆమ్లం లేదు మరి. ఆవుకు చక్కగా పనికొచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్ కార్పుకు సగానికి పైగా వృథా, ఎముకల పొడి చాలామటుకు మట్టితో సమానం. అయినా చేపల మేతల్లో అవే వేస్తున్నారు, చవకగా దొరుకుతాయి కాబట్టి. సంచి మీద "మినరల్స్ చేర్చబడినవి" అని రాస్తే సరిపోతుంది కాబట్టి.

ఫైటిక్ ఆమ్లాన్ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైమును మేతలో కలపడం ఒక దారి. అది ఆమ్ల వాతావరణంలో బాగా పని చేస్తుంది, కార్పు పేగులో ఆమ్లం ఉండదు. మన దేశంలోనే శీలావతి మీద చేసిన ప్రయోగాల్లో ఫైటేజ్‌తో పాటు కొద్దిగా సిట్రిక్ ఆమ్లం కలిపినప్పుడు ఖనిజాలు మెరుగ్గా అందాయి. నిమ్మ ఉప్పు అని కిరాణా కొట్లో అమ్మేదే సిట్రిక్ ఆమ్లం. ఇంత తేలికైన సంగతి రెండు దశాబ్దాలుగా కాగితాల్లో ఉంది, మేత సంచిలోకి రావడానికే ఇంత ఆలస్యం.

ఒంటికి పట్టని భాస్వరం ఏం చేస్తుందో బెంగళూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బెళ్లందూరు చెరువు నురగను, ఆ చెరువు మీద లేచిన మంటలను ఈ ఊరు చూసింది. 2016 మార్చిలో అలసూరు చెరువులో చచ్చి తేలిన చేపలనూ చూసింది. అక్కడ కారణం మురుగునీరు. చేపల చెరువులో కారణం మేత. దారి మాత్రం ఒక్కటే: భాస్వరం, నత్రజని పెరగడం, పాచి పెరగడం, తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోయి చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడం. పైగా నీలి ఆకుపచ్చ పాచిలో కొన్ని రకాలు జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. మారతహళ్లిలోనో కె.ఆర్. పురంలోనో ఆదివారం చేపలు కొనే మన తెలుగువాళ్లు "చెరువు చేప, మట్టి వాసన" అని మొహం చిట్లించేది దాని గురించే. ఆ వాసన మట్టి వల్ల కాదు, చేప జాతి వల్ల కాదు. చాలాసార్లు అది వృథా అయిన మేత వాసన. మేత బాగుపడితే నీరు బాగుపడుతుంది, నీరు బాగుపడితే పులుసు బాగుపడుతుంది.

ఇక్కడ మా పెద్దవాళ్లు వేసే ప్రశ్న ఒకటుంది. "తవుడు, చెక్క పెట్టే కదమ్మా మేం కొల్లేరు చుట్టూ చేపల సాగును ఇంతదాన్ని చేసింది? అప్పుడు లేని లైసిన్లు, ఫాస్ఫేట్లు ఇప్పుడెందుకు?" చాలా న్యాయమైన ప్రశ్న. వాళ్ల పద్ధతిని చులకన చేసే ఉద్దేశం నాకు లేదు, అది దేశంలో మరెక్కడా లేనంత తెలివైన పద్ధతి. చెరువులో వరసగా గడలు పాతి, ఎరువుల సంచులకు అడుగు భాగంలో కన్నాలు పొడిచి, నూనె తీసిన తవుడూ చెక్కా కలిపి నింపి, పడవ మీద తీసుకెళ్లి ఆ గడలకు కడతారు. చేపలు అలవాటు పడి వచ్చి కన్నాలను మూతితో పొడుచుకుని తింటాయి. రెండు మూడు గంటలకు సంచి ఖాళీ. సంచిలో పిండి మిగిలిందంటే చేపకు ఏదో నలతగా ఉందని, మబ్బు పట్టిందని, నీరు మారిందని రైతు పసిగడతాడు. మేత పెట్టే సాధనమే ఆరోగ్యం చూసే సాధనం కూడా. ఏ ఇంజనీరూ నేర్పలేదు ఇది.

ఆ తవుడు, చెక్క అప్పుడు ఎందుకు సరిపోయాయంటే, అప్పుడు చేప అసలు భోజనం అవి కావు. పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి పెంచిన నాచు, నీటి ఈగలు, చిన్న చిన్న జీవులే అసలు భోజనం. ఆ జీవుల పొడి బరువులో సగం దాకా ప్రొటీన్, దాంట్లో లైసిన్ పుష్కలం, భాస్వరం సులువుగా పట్టే రూపంలో. తవుడు, చెక్క శక్తినిచ్చేవి మాత్రమే. కూరలో సత్తువ చెరువు ఇచ్చేది, అన్నం రైతు పెట్టేవాడు. ఇప్పుడు ఎకరానికి వదిలే పిల్లల సంఖ్య పెరిగింది, పంట కాలం కుదించుకుపోయింది, ఒక్కో చేపకు అందే సహజాహారం ముక్కలైపోయింది. అన్నం మాత్రం అదే పెడుతున్నాం. లోటును పూడ్చడానికి మేత మోతాదు పెంచుతాం. కిలో చేపకు రెండు కిలోలు దాటి, కొన్ని చెరువుల్లో మూడు కూడా దాటి మేత పోతోంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోయే చోట ఆ తేడా పంటనే మింగేస్తుంది. పాత పద్ధతి తప్పు కాదు. అది నిలబడిన పునాది మారిపోయింది.

నూనె తీసిన తవుడులోనూ, చెక్కలోనూ ఇంకో గండం ఉంది. మన కోస్తా తేమకు, గోడౌన్‌లో వానాకాలం నిల్వకు వేరుశనగ చెక్క బూజు పడుతుంది. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ ఎంత విషమో 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి తిన్న టర్కీ కోళ్లు వేలకు వేలు చచ్చిపోయినప్పుడు బయటపడింది. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో పెంపకపు ట్రౌట్ చేపలకు కాలేయ క్యాన్సర్ వ్యాపించింది, పత్తి గింజల పిండిలోని అఫ్లాటాక్సినే కారణమని తేలింది. చేప కాలేయం పాలిపోయి, మెత్తబడి కనిపిస్తే రైతు మందుల షాపుకు పరుగెత్తుతాడు. ముందు మేత గోడౌన్‌కు వెళ్లాలి.

సమస్య చెప్పి వదిలేస్తే ఉపయోగం లేదు. బెంగళూరులో కూర్చుని నేను చూస్తున్న ఒక అవకాశం గురించి చెబుతాను. ఇక్కడి నుంచి ఈశాన్యంగా వెళితే శిడ్లఘట్ట, చింతామణి. నైరుతిగా వెళితే రామనగర. సరిహద్దు దాటితే మన హిందూపురం. ఇదంతా పట్టు దేశం. శిడ్లఘట్టలో పట్టు తీసే షెడ్డులోకి వెళితే మాటలు తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. వేడినీటి తొట్లలో పట్టుగూళ్లు తేలుతుంటాయి, పోగు లాగేకొద్దీ గూడు పల్చబడి లోపలి పురుగు నీడగా కనపడుతుంది, చివరికి చిరుగు పొరతో సహా తొట్టి అడుగుకు చేరుతుంది. దాన్ని జల్లెడ గంటెతో తోడి షెడ్డు బయట పోస్తారు. గోధుమ రంగు, తడి, వేలి కణుపంత పురుగు. సాయంత్రానికే కుళ్లు వాసన మొదలు.

కిలో ముడిపట్టు తీస్తే దాదాపు ఎనిమిది కిలోల తడి పురుగు, ఎండబెడితే రెండు కిలోలు మిగులుతుంది. కర్ణాటకలో ఏటా పది వేల టన్నులకు పైగా ముడిపట్టు ఉత్పత్తి అవుతుంది. అంటే ఎండు పురుగు ఏటా ఇరవై వేల టన్నులకు తక్కువ ఉండదు. అందులో సగానికి పైగా ప్రొటీన్, పావు వంతుకు పైగా నూనె. నూనె తీసేస్తే ప్రొటీన్ 65 శాతం దాటుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ప్రొటీన్‌లో లైసిన్, మెథియోనిన్ రెండూ నిండుగా ఉన్నాయి. వేరుశనగకు, సోయాకు ఏది లోటో అదే ఇక్కడ ఉంది. మంగళూరు, మల్పె తీరంలో మనుషులు తినదగిన కవళ్లను పొడి చేసి చెరువు చేపకు పెట్టడం కన్నా ఇది ఎంతో మర్యాదైన పని.

దీన్ని అద్భుతంగా చూపించడం నాకిష్టం లేదు. పురుగు చర్మంలోని కైటిన్ అనే గట్టి పదార్థంలోనూ నత్రజని ఉంది, కెల్డాల్ దాన్నీ ప్రొటీన్‌గానే లెక్కిస్తుంది. కాబట్టి ఇక్కడా అంకెను యథాతథంగా నమ్మకూడదు. నూనె సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. తాజాగా ఉంటే ఆ నూనె చేపకు మేలు చేసేదే, ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలకు మూలమైన లినోలెనిక్ ఆమ్లం అందులో బాగా ఉంది. కానీ గాలి తగిలితే త్వరగా చెడుతుంది. జపాన్‌లో చెడిన పట్టుపురుగులు తిన్న కార్పు చేపలకు వీపు కండరాలు కరిగిపోయి సన్నబడే జబ్బు వచ్చింది, దాన్ని అక్కడ సెకోకే అంటారు. విటమిన్ ఇ ఇస్తే దాన్ని నివారించవచ్చని కూడా వాళ్లే తేల్చారు. అందుకే షెడ్డు బయట రోడ్డు పక్కన ఎండబెట్టి, బస్తాల్లో నెలల తరబడి ఉంచి అమ్మే పురుగును నేను సిఫారసు చేయను. తోడిన రోజే వేడిగాలితో ఆరబెట్టి, నూనె తీసి, పొడి చేసే చిన్న కేంద్రం శిడ్లఘట్టలోనే ఉండాలి.

పరిమాణం కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్ చెరువుల నుంచి ఏటా వచ్చే చేప లక్షల టన్నుల్లో ఉంది. ఇరవై వేల టన్నుల పురుగు దానికి ఏ మూలకు? అందుకే పెద్ద చేపకు కాదు, పిల్ల చేపకు పెట్టాలి అంటాను. వేలెడు పొడవు పిల్లకు మేతలో 35, 40 శాతం నాణ్యమైన ప్రొటీన్ కావాలి, అది తినే మొత్తం మాత్రం తక్కువ. నర్సరీ దశలో వెన్నెముక వంగి, బలహీనపడిన పిల్ల తర్వాత ఎంత మేత పోసినా కోలుకోదు. చాలా జాతుల చేపలు విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేవు. వెన్ను వంకరకు అదొక ప్రధాన కారణం, మేత తయారీ వేడికి మామూలు విటమిన్ సి నశించిపోతుంది కాబట్టి వేడిని తట్టుకునే ఫాస్ఫేట్ రూపంలోనే కలపాలి. నర్సరీ మేతను సరి చేస్తే తక్కువ పదార్థంతో ఎక్కువ చేపకు మేలు జరుగుతుంది. చింతామణి దగ్గర పొలంలోని నీటి గుంటలో చేపపిల్లలు పెంచే రైతు ఒకాయన మా ప్రయోగశాలకు వచ్చి, "మేడమ్, మా పక్క వీధిలోనే పట్టు షెడ్డు ఉంది, పురుగు ఊరికే ఇస్తామంటున్నారు, వేయమంటారా?" అని అడిగారు. తాజాది తెచ్చి, అదే రోజు ఆరబెట్టి, మేతలో పదో వంతుకు మించకుండా కలపమన్నాను. పది రోజులకు మించి నిల్వ పెట్టవద్దన్నాను. ఆయన శ్రద్ధగా కాగితం మీద రాసుకున్నారు. ఈ సలహా ఒక ప్రయోగశాల ఉద్యోగిని నోటి నుంచి కాదు, అచ్చు వేసిన పట్టిక నుంచి ఆయనకు అందాల్సింది.

ఆ పట్టికకు కావలసిన సంస్థలన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. ట్రాఫిక్ కూడలిగా మాత్రమే అందరికీ తెలిసిన సిల్క్ బోర్డు నిజానికి దేశం మొత్తానికి కేంద్ర పట్టు మండలి. అదే హోసూరు రోడ్డు మీద, ఆడుగోడిలో పశు పోషణ, శరీరధర్మ శాస్త్రాల జాతీయ సంస్థ. ఊరికి వాయవ్యంగా హెసరఘట్టలో భువనేశ్వర్ కేంద్రంగా పనిచేసే మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం. ఆంధ్రప్రదేశ్ 2020లోనే చేపల మేత నాణ్యత కోసం ప్రత్యేక చట్టం చేసింది, లైసెన్సులు ఇచ్చే అధికారం ప్రభుత్వం చేతిలో ఉంది. చట్టం ఉన్నప్పుడు సంచి మీద ముడి ప్రొటీన్ పక్కనే లైసిన్, మెథియోనిన్, చేపకు అందే భాస్వరం ఎంతో రాయమనడానికి అడ్డేమిటి? అమైనో ఆమ్లాల పరీక్ష ఖరీదైనదే, అయితే దాన్ని ప్రతి సంచికీ చేయనక్కర్లేదు. ప్రతి ముడిసరుకు బ్యాచికీ చేస్తే చాలు. కోళ్ల పరిశ్రమ ఎప్పటి నుంచో అలాగే చేస్తోంది.

ఒంటికి ఎంత పట్టిందో కొలవడం కూడా అంతుపట్టని విద్య కాదు. మేతలో జీర్ణం కాని క్రోమిక్ ఆక్సైడ్ కొద్దిగా కలిపి పెడతారు. చేప మలాన్ని నీటిలో కరిగిపోకముందే తొట్టి నుంచి మెల్లగా పీల్చి తీస్తారు. మేతలోనూ మలంలోనూ క్రోమియం, పోషకాల పాళ్లను పోల్చి చూస్తే ఏ పోషకం ఎంత ఒంటికి పట్టిందో లెక్క తేలుతుంది. మన చెరువుల్లోకి వెళ్లే పది పన్నెండు ముడిసరుకులకు, శీలావతికి విడిగా, బొచ్చెకు విడిగా ఈ అంకెలు తీసి, తెలుగులోనూ కన్నడంలోనూ ఒక్క కాగితం మీద అచ్చు వేసి, కైకలూరు నుంచి చింతామణి దాకా ప్రతి మేత కొట్టులో అంటించాలి. విడివిడిగా పరిశోధన పత్రాల్లో వీటిలో చాలా అంకెలు ఇప్పటికే ఉన్నాయి. ఒకచోట కూర్చి, ఇక్కడి సరుకుతో సరిచూసి రైతు చేతికి ఇవ్వడమే మిగిలింది. మొదటి వరస మాత్రం నూనె తీసిన తవుడుతోనే మొదలుపెట్టండి, మన చెరువుల్లోకి అన్నిటికన్నా ఎక్కువగా వెళ్లేది అదే.